అడిగి వినుట, వినినది దాచుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండుట సామాన్య విషయము కాదు. చందా పైకము వసూలు చేయుట, చెదలనుండి పుస్తకములను కాపాడుట, ఇంటికి తీసికొనిపోయిన పుస్తకమును మరల బీరువాకు చేర్చుట - ఈ మూడును ఎంత కష్టమో గ్రంథపాలకునకే తెలియును. ఆ కష్టము ఫలించి నేడు బీరువాలు నిండియున్నవి. అయినను ప్రతి గ్రామమునందును ఏ బీరువాలోను చేరని విజ్ఞానము కొంత కలదు. అది వృద్ధుల జ్ఞాపకములలో నున్నది. దానికి రెండవ ప్రతి లేదు, పునర్ముద్రణము లేదు. ఆ మనిషితోడనే అదియు పోవును.

అట్టి విజ్ఞానమును నిలుపుటకు దూరదేశమునందలి ఒక విశ్వవిద్యాలయము ఒక సులభమైన పద్ధతిని అవలంబించినది. పెద్దలను పిలిచి, ఎదుట కూర్చుండబెట్టి, అడిగి, వారు చెప్పినదానిని టెలివిజను ద్వారా లోకమునకు వినిపించి, దాచిపెట్టినది. ఆ పద్ధతి యెట్టిది, దానివలన కలిగిన ప్రయోజన మేమి, అది ఒక పల్లె గ్రంథాలయమునకు ఏవిధముగా ఉపకరించును అనునవి నేటి ప్రసంగ విషయములు.

అమెరికా దేశపు పడమటి తీరమున కాలిఫోర్నియా రాష్ట్రమున్నది. అచ్చట 1868లో స్థాపింపబడిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు బర్క్‌లీ పట్టణమున ప్రధాన ప్రాంగణ మొకటి కలదు. అందలి అంతర్జాతీయ అధ్యయన సంస్థలో పనిచేయుచుండిన హారీ క్రైస్లర్ అను నాతడు 1982లో ఒక సంభాషణ కార్యక్రమమును ఆరంభించెను. దాని పేరు ‘కాన్వర్జేషన్స్ విత్ హిస్టరీ’, అనగా చరిత్రతో సంభాషణలు. ఆ పేరులోనే దాని ఉద్దేశ మిమిడియున్నది. చరిత్ర యనగా రాజుల పట్టిక మాత్రమే కాదు. బ్రదికియున్న మనిషియు చరిత్రయే, అడిగినచో బదులు చెప్పగల చరిత్ర.

ఆ కార్యక్రమములో కన్నులకు వింత గొలుపునది ఏదియు లేదు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి సుమారొక గంటసేపు మాటలాడుకొందురు. అంతియే! ఆ విశ్వవిద్యాలయమున చదివి పేరు గాంచినవారు, అచ్చట బోధించినవారు, ఇతర దేశములనుండి ఉపన్యాసము లిచ్చుటకు వచ్చినవారు, శాస్త్రజ్ఞులు, రచయితలు, న్యాయమూర్తులు, రాయబారులు, ప్రజా ఉద్యమములు నడిపినవారు - ఇట్లు ఐదువందలకు మించిన సంభాషణలు సమకూడినవి. 2000 జనవరిలో ఆ విశ్వవిద్యాలయము తన సొంత టెలివిజను ప్రసారములను ఆరంభింపగా ఈ సంభాషణలు ఉపగ్రహము ద్వారా ఇండ్లలోనికి ప్రవేశించినవి. తరువాత ఇంటర్నెట్టునందు చేరినవి. 2010లో వానినుండి ఇరువదింటిని ఏర్చి ఒక పుస్తకముగా గూడ ప్రకటించిరి. మాటగా పుట్టినది బొమ్మయై, బొమ్మ తిరిగి పుస్తకమై, గ్రంథాలయమునకే వచ్చి చేరినది.

క్రైస్లర్ ప్రశ్నలడుగు వరుస గమనింపదగినది. అతిథి యెంత గొప్పవాడైనను మొదట అడుగునది బిరుదులను గురించి కాదు. ఎచ్చట పుట్టితిరి, ఎచ్చట పెరిగితిరి, తల్లిదండ్రుల ప్రభావము మీ భావములపై ఎట్లు పడినది అని అడుగును. పిదప గురువులను గూర్చి, చిన్ననాట చదివిన పుస్తకములను గూర్చి అడుగును. అటుపిమ్మటనే వారు చేసిన కార్యములలోనికి దిగును. ముగింపులో, రేపటి విద్యార్థులకు ఏమి చెప్పుదురని అడుగుట ఆయన వాడుక.

ఈ వరుసలో ఒక మర్మమున్నది. గొప్పవారి కార్యము లోకమునకు తెలియును. ఆ కార్యమునకు మూలమైన బాల్యము తెలియదు. పండును చూచినవారు పలువురుందురు, వేరును చూచినవారు అరుదు. అంతేకాక, తల్లిదండ్రులను గూర్చి అడిగిన వెంటనే ఎంతటి అధికారియైనను అధికారమును ప్రక్కనబెట్టి మనిషివలె మాటలాడును. కంఠము మారును. ఉపన్యాసము ఆగిపోయి కథ మొదలగును.

ఇందుకు కొన్ని ఉదాహరణములు చెప్పవలసియున్నది. 2000లో ఆ కుర్చీలో కూర్చుండినవాడు చార్లెస్ టౌన్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన 1915లో దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్ పట్టణమున పుట్టి, అచ్చటి చిన్న వ్యవసాయ క్షేత్రమున పెరిగెను. 1951లో వాషింగ్టన్ నగరమున ఒక ఉదయము ఉద్యానవనపు బల్లపై కూర్చుండియుండగా ఆయనకు ఒక ఆలోచన తట్టెను. జేబులోనున్న కవరు వెనుక భాగమున లెక్క వ్రాసికొనెను. ఆ లెక్కనుండియే మొదట మేజర్ అను యంత్రమును, తరువాత లేజర్ కిరణమును పుట్టినవి. 1964లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నేడు నేత్రవైద్యుడు చేయు చికిత్సలలోను, దుకాణమున సరకుపైనున్న నల్లగీతలను చదువు పరికరములోను, సముద్రగర్భమున వార్తలను మోయు గాజుతీగలలోను ఆ కిరణమే పనిచేయుచున్నది. టౌన్స్ 2015లో, తొంబదితొమ్మిది సంవత్సరముల వయస్సున, గతించెను. ఆ మనిషి లేడు; ఆయన కంఠముతో చెప్పిన ఒక గంట కథ మాత్రము నిలిచియున్నది.

1999లో వచ్చిన అతిథి జపాను రచయిత కెంజబురో ఓయె. ఆయన 1935లో షికోకు దీవియందు, అడవుల నడుమనున్న ఒక పల్లెలో పుట్టెను. నాయనమ్మ చెప్పిన ఊరి కథలు వినుచు పెరిగెను. 1963లో ఆయనకు కలిగిన కుమారుడు మెదడు లోపముతో పుట్టెను. ఆ బిడ్డ చాలకాలము మాటలాడలేదు. పక్షుల కూతలను ముద్రించిన రికార్డును మాత్రము శ్రద్ధగా వినుచుండెడివాడు. ఒకనాడు అడవిలో ఒక పక్షి కూయగా, ఆ పక్షి పేరును ఆ బాలుడు స్పష్టముగా పలికెను. ఆ కుమారుడే పెద్దవాడై సంగీతకర్త యయ్యెను. తండ్రికి 1994లో నోబెలు బహుమానము వచ్చెను. కళ మనోవ్యధను మాన్పగలదా అనునదే ఆయనతో జరిగిన సంభాషణకు ప్రధాన విషయము. ఓయె 2023లో కాలధర్మము నొందెను. పల్లెలో నాయనమ్మ చెప్పిన కథకు విశ్వవిద్యాలయపు టెలివిజనులో స్థానము దొరకుట పల్లెవాసులు గుర్తుంచుకొనదగిన విషయము.

పూర్వవిద్యార్థులలో భారతదేశమునకు పరిచితుడైన వాడొకడు కలడు. జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ కెనడాలోని ఒక రైతు కుటుంబమున 1908లో పుట్టి, బర్క్‌లీలో వ్యవసాయార్థశాస్త్రము చదివి 1934లో డాక్టరు పట్టము పొందెను. 1961 మొదలు 1963 వరకు భారతదేశమున అమెరికా రాయబారిగా ఉండెను. 1986లో ఆయన తన పూర్వ విద్యాస్థానమునకు సంబంధించిన ఈ కార్యక్రమమున అతిథి యయ్యెను.

ఇంకొక పూర్వవిద్యార్థి కథ ఇంత సుఖమైనది కాదు. రాబర్ట్ మెక్‌నమారా 1937లో బర్క్‌లీలో పట్టము పుచ్చుకొనెను. 1961 నుండి 1968 వరకు అమెరికా రక్షణమంత్రి. వియత్నాం యుద్ధ నిర్వహణలో ఆయన హస్తము మిక్కిలి పెద్దది. ఆ యుద్ధమున 58,000కు మించిన అమెరికా సైనికులు మరణించిరి. మరణించిన వియత్నాం ప్రజల సంఖ్య అంతకు అనేక రెట్లు. పదవి వదలిన ఇరువదియేడేండ్లకు, 1995లో, ఆయన ఒక గ్రంథము వ్రాసి తానును తనతోడివారును పొరబడితిమని ఒప్పుకొనెను. ఒప్పుకొనుట మంచిదేయని కొందరనిరి. బిడ్డలను పోగొట్టుకొన్నవారు, ఇంత ఆలస్యముగా ఒప్పుకొనిన నేమి ఫలమని మండిపడిరి. ఆ మరు సంవత్సరమే, 1996లో, ఆయన ఈ సంభాషణకు కూర్చుండెను.

ఇచ్చటనే ఈ పద్ధతికి అసలు పరీక్ష. విశ్వవిద్యాలయమున చదివి పైకి వచ్చినవారిని పిలిచినప్పుడు పొగడవలెనను కోరిక సహజము. పూర్వవిద్యార్థులు విరాళము లిచ్చువారు గూడ! పొగడ్తతో మొదలై పొగడ్తతో ముగిసిన సంభాషణ సన్మానపత్రము వంటిది. దానిని చట్టము కట్టి గోడకు తగిలింపవచ్చును గాని, దానివలన చదువరికి తెలియునది లేదు. నిందించుటకే పిలిచినచో అతిథి నోరు విప్పడు. ఈ రెండింటి నడుమ ఒక సన్నని దారి యున్నది: మర్యాద తప్పక అడుగుట, అడిగినదానికి జవాబు వచ్చువరకు ఓపిక పట్టుట. మెక్‌నమారా వంటివానిని తీర్పు చెప్పవలసినవారు చదువరులు. వారి తీర్పునకు ఆధారమును సమకూర్చుట మాత్రమే అడుగువాని పని. ఆయన 2009లో మరణించెను. ఇక ఆయనను అడుగుట ఎవరికిని సాధ్యము కాదు. ఉన్న ఆధారము, అడిగినప్పుడు దొరకినంత మాత్రమే.

ఈ పద్ధతికి టెలివిజనుకంటె పాతదగు మూలమున్నది. 1948లో న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమున అలన్ నెవిన్స్ అను చరిత్రాచార్యుడు మౌఖిక చరిత్ర సేకరణమును ఆరంభించెను. పూర్వులు ఉత్తరములు వ్రాసికొనెడివారు, దినచర్యలు వ్రాసెడివారు. టెలిఫోను వచ్చిన పిదప మాట గాలిలో కలిసిపోవుచున్నది, రేపటి చరిత్రకారునకు కాగితము మిగులదు అని ఆయన చింత. మొట్టమొదటి సంభాషణమునకు శబ్దముద్రణ యంత్రము గూడ లేదు. పెద్దమనిషి చెప్పుచుండగా ఒక విద్యార్థి ప్రక్కన కూర్చుండి చేతితో వ్రాసికొనెను. ఒక కలము, ఒక నోటుపుస్తకము, ఒక విద్యార్థి - ఇంతటితోనే అంత పెద్ద పని మొదలైనది.

1954లో బర్క్‌లీ గూడ ఆ మార్గమును పట్టెను. ఆ పనిని చేపట్టినది అచ్చటి బాంక్రాఫ్టు గ్రంథాలయము. గ్రంథాలయమే ఆ పనికి పూనుకొనినదను సంగతిని ఈ సభ ప్రత్యేకముగా గమనింపవలెను. వారు గవర్నరులను, న్యాయాధిపతులను మాత్రమే అడుగలేదు. ద్రాక్షతోటలవారిని, అడవుల నెరిగినవారిని, నీటి పథకములపై పనిచేసినవారిని గూడ అడిగిరి. స్త్రీల ఓటుహక్కుకై పోరాడిన వృద్ధ నాయకురాండ్రను వెదకి అడిగిరి. వారిలో ఆలిస్ పాల్ ఒకతె. అమెరికా స్త్రీలకు రాజ్యాంగ సవరణముతో ఓటుహక్కు వచ్చినది 1920లో. ఆమెను కూర్చుండబెట్టి అడిగినది 1972-73లో, అనగా అర్ధశతాబ్దము గడచిన పిమ్మట. 1977లో ఆమె మరణించెను. ఇంకొక ఐదేండ్లు ఉపేక్షించినచో ఆ పోరాటము కథ ఆమె నోట వినుట కుదిరియుండెడిది కాదు.

ఆ గ్రంథాలయము ఒక నియమమును పాటించినది. చెప్పినదానినంతయు కాగితముపై ఎక్కించి, చెప్పినవారికే చూపి, తప్పులు దిద్దించి, అటుపిమ్మట సంపుటముగా కట్టించి భద్రపరచెడిది. చెప్పినవారి సమ్మతిలేక ఏదియు బయట పెట్టరాదు. మాటను సేకరించుట యెంత ముఖ్యమో, ఆ మాటకు యజమాని ఎవరో మరువకుండుట అంత ముఖ్యము.

ఇక తెలుగుదేశము సంగతి. పల్లెకు టెలివిజను వచ్చిన విధమును జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరముపాటు, అమెరికా ఉపగ్రహ మొకదానిని ఎరువు తీసికొని, భారత ప్రభుత్వము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యాప్రసారములు గావించెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరుమ్మడి పెట్టె ముందు చాపలు పరచుకొని, పిల్లలు పెద్దలు గుంపుగా కూర్చుండి వ్యవసాయమును గూర్చి, ఆరోగ్యమును గూర్చి తెలుగులో వినిరి. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘము దూరదర్శనులో పాఠముల ప్రసారమును ఆరంభించెను. 2000 జనవరిలో, కాలిఫోర్నియా ప్రసారములు మొదలైన నెలలోనే, ఈ దేశమున జ్ఞానదర్శన్ వెలసినది. ఇవి యన్నియు మేలైన ప్రయత్నములే. అయితే వానిలో ప్రధానముగా పెట్టె చెప్పినది, పల్లె వినినది. పల్లె చెప్పగా వినిన సందర్భములు మిక్కిలి తక్కువ.

ఆ లోటును తీర్పగలది గ్రామ గ్రంథాలయమే. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము పుస్తకము లిచ్చుటతో మాత్రమే తృప్తిపడినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన కాలమునుండి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి కార్యకర్తలు గ్రంథాలయమును ఊరి విద్యాపీఠముగా భావించిరి. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను సైతము పారవేయక దాచినందుననే నేటికిని పరిశోధకులు అచ్చటికి పోవుచున్నారు. చదువురాని వారికి చదివి వినిపించుట నాటి గ్రంథాలయముల ధర్మము. చదువురాని వారు చెప్పగా వ్రాసికొనుట నేటి గ్రంథాలయముల ధర్మము.

ఈ పని వాయిదా వేయరానిది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తగా పదివేలకు మించిన ప్రాణములు పోయినవి. ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకొని బ్రదికిన ఇరువదియేండ్ల యువకుడు నేడు డెబ్బది చేరుచున్న వృద్ధుడు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినప్పుడు తెలంగాణపు పల్లెలో పదియేండ్ల బాలికగా నున్న ఆమె ఎనుబదియైదు దాటినది. పొట్టివరి వంగడములు రాకమునుపు పండించిన ధాన్యముల పేర్లు, వాని కాలపరిమితి, వాని అన్నపు రుచి ఎరిగినవారు ఊరికి ఇద్దరు ముగ్గురు మిగిలియుందురు. కాన్పులు చేసిన మంత్రసాని, గుంటమగ్గము నేసిన చేయి, మోటతోలిన రైతు - వీరిని అడుగుటకు కాలిఫోర్నియానుండి ఎవరును రారు.

అడుగుటయు ఒక విద్య. ‘‘పూర్వకాలము ఎట్లుండెను తాతా?’’ యని అడిగినచో ‘‘బాగుండెనురా నాయనా’’ యని చెప్పి తాత ఊరకుండును. అది తాత తప్పు కాదు, ప్రశ్న తప్పు. ‘‘నీ పెండ్లికి ఎన్ని బండ్లు తరలినవి? బియ్యము ఎచ్చట దంచిరి? దీపములకు నూనె ఎవరు పోసిరి?’’ యని అడిగినచో ఒక రాత్రి చాలదు. ‘‘అమ్మమ్మా! మొదటిసారి కూలి యెంత ఇచ్చిరి? గింజలా, డబ్బులా? ఏ కొలతతో కొలిచిరి?’’ యని అడిగినచో ఆ కాలపు ఆర్థికశాస్త్రమంతయు ఆమె నోట వెలువడును. క్రైస్లర్ తల్లిదండ్రులతో మొదలుపెట్టుటకు కారణ మిదియే. చిన్న ప్రశ్న పెద్ద తలుపును తెరచును.

తీపి జ్ఞాపకములను మాత్రమే ఏరుకొనుట న్యాయము కాదు. ఊరిబావి నీరు ఎవరికి దొరకెను, ఎవరు దూరమున నిలిచి దోసిలి పట్టవలసి వచ్చెను? బడిలో ఎవరు చాపపై కూర్చుండిరి, ఎవరు గడప వెలుపల నిలిచిరి? ఏ కరవులో ఎవరు ఇల్లు విడిచిపోయిరి? ఈ ప్రశ్నలు సభకు మంగళకరములుగా తోచకపోవచ్చును. ఇవి లేని ఊరి చరిత్ర సగము ఊరి చరిత్రయే. పెద్దవీధిలోని పెద్దలను మాత్రమే అడిగి, ఊరిచివర వాడలోనికి పోని గ్రంథాలయము, వియత్నాము మాట ఎత్తక మెక్‌నమారాను సత్కరించి పంపిన సంస్థ వంటిది కాగలదు. అడుగునప్పుడు ఎవరి మనస్సు నొవ్వని రీతిని అడుగవలెను. చెప్పనొల్లని దానిని బలవంతముగా చెప్పింపరాదు. ఈ రెండును పాటించి, అందరి గడపయు ఎక్కవలెను.

పద్ధతి విషయములో పెద్ద ఏర్పాటు లేమియు అక్కరలేదు. ఉన్నతపాఠశాలలో చదువుకొను పిల్లలు ఇద్దరు చాలుదురు. ఒకరు అడుగుదురు, ఒకరు వ్రాయుదురు. నేడు ఇంటింట నున్న సెల్‌ఫోను మాటను బొమ్మతోసహా పట్టగలదు. అయితే ఫోను మారినప్పుడు అందులోని మాట పోవుచుండుట అందరికిని అనుభవమే. టేపులును శాశ్వతములు కావు. 1960, 1970 దశకములలో బ్రిటిషు ప్రసార సంస్థ వంటి పెద్ద సంస్థయే టేపులపై తిరిగి ముద్రించుకొనుటకై తన కార్యక్రమములను అనేకములను చెరిపివేసి, తరువాత చింతించినది. కనుక వినినదానిని కాగితముపై ఎక్కింపవలెను. చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ, స్థలము మొదట వ్రాయవలెను. వారు వాడిన పలుకుబడిని దిద్దక ఉన్నదున్నట్లు వ్రాయవలెను. పొలములో చెప్పు మాటను పుస్తకపు మాటగా మార్చినచో అందలి జీవము పోవును. వ్రాసినదానిని వారికి చదివి వినిపించి, ఒప్పుదల పొంది, ఒక ప్రతి బీరువాలోను, ఒక ప్రతి వారి ఇంటను ఉంచవలెను.

నెలకు ఒక్కరిని అడిగినను సంవత్సరమునకు పన్నిద్దరు. స్వర్ణోత్సవము వచ్చునాటికి మూడువందల సంపుటములగును. బర్క్‌లీ వంటి విశ్వవిద్యాలయము ఐదువందలు దాటినదని విని ఆశ్చర్యపడిన ఊరు, మూడువందలు తన బీరువాలోనే చూచుకొనును.

నేటి సభలో పెద్దలకు పూలదండలు వేసి, శాలువలు కప్పుట జరుగుచున్నది. అది ఉచితమే. దండ రేపటికి వాడును. శాలువ పెట్టెలో మడతపడును. పెద్దవారికి చేయదగిన గౌరవము మరియొకటి కలదు. వారి ప్రక్కన కూర్చుండి, ‘‘చెప్పండి, వినుచున్నాము’’ అనుట. ఈ వేదిక దిగిన పిమ్మట వారిని ఇంటికి సాగనంపువారు దారిలో ఒక ప్రశ్న అడిగి, ఇంటికి పోయి ఆ జవాబును వ్రాసి ఉంచినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.

గ్రంథాలయమునకు, గ్రామమునకు శుభమగుగాక.